తాళంచెవి ఒకరి చేతిలోనేనా?

ఊరంతా కలిసి కట్టిన సత్రానికి తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటే ఏమవుతుందో 2005లో లినక్స్ నిర్మాతలకు తెలిసివచ్చింది. దేశదేశాల వారు కలిసి రాస్తున్న ఆ ప్రోగ్రాంలో ఎవరు ఏ మార్పు చేశారో నమోదు చేసే బిట్‌కీపర్ ఒక ప్రైవేటు కంపెనీ సొత్తు. 2002 నుంచి వారు ఉచితంగా వాడుకున్న ఆ సౌకర్యాన్ని కంపెనీ 2005 ఏప్రిల్‌లో ఉపసంహరించింది. లైనస్ టోర్వాల్డ్స్ కొద్ది రోజుల్లోనే ‘గిట్’ తయారుచేశారు. ఇందులో పనిచేసే ప్రతి ఒక్కరి దగ్గరా మార్పుల చరిత్రతో సహా పూర్తి నకలు ఉంటుంది. ఒకచోట చెడినా మరోచోటు నుంచి తెచ్చుకోవచ్చు.

అయితే నేడు చాలా బృందాలు గిట్‌హబ్‌నే నమ్ముకున్నాయి. అది 2018 నుంచి మైక్రోసాఫ్ట్‌ది. ప్రోగ్రాంకు నకళ్లున్నా, దానిపై జరిగిన చర్చలు, వచ్చిన ఫిర్యాదులు గిట్ నకలులో రావు. వాటిని వేరుగా భద్రపరచుకోవాలి. ఒకసారి తగిలిన దెబ్బ మరువరాదు.