మెమరీ కార్డును ఫార్మాట్ చేయమని కంప్యూటర్ అడిగితే

కడప జిల్లా నుండి ఒక సోదరి గత నెలలో మాకు వ్రాసిన ఉత్తరంలోని సమస్య ఇది. ఆమె నానీ నిరుడు రమజాన్‌కు కొద్ది రోజుల ముందు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. చూపు మందగించిన తరువాత కూడా ఆ పెద్దావిడ ఫజ్ర్ నమాజు ముగించుకొని, కంఠస్థమైన సూరాలను పారాయణం చేస్తూ కూర్చునేవారట. మనుమరాలు ఆ పారాయణాన్ని ఫోనులో రికార్డు చేసి 64 జీబీ మెమరీ కార్డులో దాచుకున్నది. ఇటీవల ఫోను చేజారి తెర పగిలిపోయింది. కార్డును బయటికి తీసి కంప్యూటరుకు తగిలించగా, ‘ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అన్న ప్రశ్న కనిపించింది. తమ్ముడు ‘సరే’ నొక్కబోతుండగా ఆమె చేయి పట్టుకొని ఆపి, మాకు ఉత్తరం వ్రాసింది.

ఆ చేయి పట్టుకోవడమే సగం పరిష్కారం.

కంప్యూటర్ ఆ ప్రశ్న అడిగినంత మాత్రాన కార్డు ఖాళీ అయిందని గాని, పాడైందని గాని భావించరాదు. ‘ఇందులో ఉన్నది చదవడం నాకు రాదు’ అన్నదే దాని అసలు అర్థం. ఉర్దూ రాని వాని చేతికి ఉర్దూ ఉత్తరం ఇస్తే అతనికి గీతలే కనిపిస్తాయి. అంతమాత్రాన ఉత్తరంలో విషయం లేదని కాదు గదా! మెమరీ కార్డు లోపలి స్థలం గోడలు కట్టిన ఇంటివలె భాగాలుగా విభజింపబడి ఉంటుంది. ఈ భాగాలనే పార్టిషన్లు అంటారు. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిపే పట్టిక కార్డు ఆరంభంలో ఉంటుంది. ఒక్కొక్క భాగంలో ఫైళ్ళను అమర్చే పద్ధతి ఒక్కొక్క విధంగా ఉండవచ్చు. విండోస్‌కు ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతులు తెలుసు. లైనక్స్ వాడే ఎక్స్‌ట్4 వంటివి దానికి మామూలుగా తెలియవు.

కనుక ముందుగా చేయవలసినది చూడటం మాత్రమే. విండోస్ మీటనూ ఎక్స్ అక్షరాన్నీ కలిపి నొక్కితే వచ్చే జాబితాలో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ ఉంటుంది. అందులో కార్డు ఎన్ని భాగాలుగా ఉన్నదో పటం వలె కనిపిస్తుంది. ఆ సోదరి కార్డులో 16 ఎంబీల చిన్న భాగం ఒకటి, మిగిలిన స్థలమంతా ఆక్రమించిన పేరులేని భాగం ఒకటి ఉన్నాయి. ఈ రెంటినీ వినగానే మాకు సంగతి అర్థమైంది.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుండి కొన్ని ఫోన్లలో ఒక సౌకర్యం ఉన్నది. కొత్త కార్డు పెట్టగానే, దీనిని విడిగా వాడుకుంటారా, లేక ఫోను లోపలి స్టోరేజీలో భాగం చేయమంటారా అని ఫోను అడుగుతుంది. స్థలం చాలని వారు సహజంగానే రెండవది ఎంచుకుంటారు. అప్పుడు ఫోను కార్డును సరిగ్గా ఇలాగే రెండు భాగాలు చేసి, పెద్ద భాగాన్ని రహస్య లిపిలోకి మారుస్తుంది. దాని తాళంచెవి కార్డులో ఉండదు. ఆ ఫోనులోనే ఉంటుంది. మరొక ఫోను గాని, ఎంత ఖరీదైన కంప్యూటర్ గాని ఆ కార్డును చదవలేదు.

అందుచేత మేము సోదరికి ఇచ్చిన సలహా కార్డును గురించి కాదు, ఫోనును గురించి. తెర బాగు చేయించండి, కాని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయనివ్వకండి అన్నాము. రీసెట్ చేస్తే తాళంచెవి చెరిగిపోతుంది. నానీ గొంతు కార్డులో ఉండి కూడా ఇక ఎవరికీ వినిపించదు. మరమ్మతు చేసేవారు తమ సౌలభ్యం కోసం రీసెట్ చేయడం మామూలే గనుక, ముందుగానే ఈ మాట స్పష్టంగా చెప్పి, వీలైతే ఎదుట కూర్చొని చేయించుకోవాలి.

అల్ హమ్దులిల్లాహ్, తెర మార్చిన తరువాత అదే కార్డు అదే ఫోనులో మామూలుగా తెరుచుకున్నది. ఫోనును కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి రికార్డులన్నిటినీ రెండు చోట్ల భద్రపరచుకున్నారు.

అందరి కార్డులూ ఇలాంటివే కావు. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో ప్రయోగాలు చేసే పిల్లలున్న ఇళ్ళలో, 32 జీబీ కార్డు హఠాత్తుగా 250 లేక 500 ఎంబీలే చూపడం పరిపాటి. మొదటి చిన్న భాగం మాత్రమే విండోస్‌కు అర్థమై, లైనక్స్ ఉన్న పెద్ద భాగం అర్థం కాకపోవడమే కారణం. కార్డు ఎక్కడికీ పోలేదు. అందులో అవసరమైనది ఏదీ లేదని రూఢి చేసుకున్న తరువాత మొత్తం చెరిపి ఒకే భాగంగా చేసుకోవచ్చు. అందుకు విండోస్‌లోనే ‘డిస్క్‌పార్ట్’ అనే పరికరం ఉన్నది. ‘లిస్ట్ డిస్క్’ అని టైపు చేస్తే కంప్యూటర్‌లోని డిస్కుల పట్టిక వస్తుంది. ‘సెలెక్ట్ డిస్క్’ అని కార్డు సంఖ్యను వ్రాసి, ‘క్లీన్’ అంటే దాని పట్టిక మొత్తం చెరిగిపోతుంది. తరువాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త భాగం సృష్టించుకోవాలి. 64 జీబీలు, అంతకు మించిన కార్డులకు ఎక్స్‌ఫ్యాట్ తగినది. ఫ్యాట్32లో 4 జీబీలకు మించిన ఒకే ఫైలు పట్టదు, పెళ్ళి వీడియోలు తీసేవారికి ఈ సంగతి త్వరలోనే తెలిసివస్తుంది.

‘క్లీన్’ అనే మాట ఎంత సౌమ్యంగా ఉన్నదో దాని పని అంత కఠినమైనది. మీరు నిజంగా ఈ డిస్కునే చెరపాలనుకుంటున్నారా అని అది అడగదు. సంఖ్య ఒక్కటి తప్పితే కంప్యూటర్‌కు ఉన్న మరొక డిస్కు ఖాళీ కావచ్చు. పరిమాణం చూసి కార్డును గుర్తించండి. అనుమానముంటే కార్డును తీసివేసి మరొకమారు పట్టిక చూడండి, ఏ సంఖ్య మాయమైనదో అదే కార్డు. ఈ పని పిల్లలకు ఒంటరిగా అప్పగించకండి.

కార్డు దేనికీ లొంగకుండా, వ్రాయడానికి వీలులేదని చెబుతుంటే, దానిని అమర్చిన అడాప్టర్ పక్కనున్న చిన్న మీట దిగువకు జరిగి ఉన్నదేమో చూడండి. మీట సరిగానే ఉంటే, కార్డు తన ఆయుష్షు తీరి తనకు తానే తాళం వేసుకొని ఉండవచ్చు. అటువంటి దానిలో ఉన్నవాటిని నకలు తీసుకొని పక్కన పెట్టవలసినదే.

64 జీబీ కార్డు 59.6 అని చూపితే అది మోసం కాదు. తయారీదారు వేయితో లెక్కించిన దానిని కంప్యూటర్ 1024తో లెక్కిస్తుంది, అంతే. కాని 512 అని వ్రాసి, లోపల 8 జీబీలే ఉన్న నకిలీ కార్డులు సంతలో ఉన్నాయి. అవి పూర్తి పరిమాణమే చూపుతాయి; నిండిన తరువాత దాచినవి పాడైపోతాయి. కొనగానే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యు వంటి ఉచిత పరికరంతో నింపి చూస్తే నిజం తేలుతుంది. తెలిసి అటువంటివి అమ్మే వర్తకులు అల్ ముతఫ్ఫిఫీన్ సూరా ఎవరిని గురించి అవతరించినదో ఒకమారు చూసుకోవాలి. కొలతలో తగ్గించడానికి తక్కెడే అక్కరలేదు.

పాత కార్డును అమ్మే ముందు, లేక ఎవరికైనా ఇచ్చే ముందు మరొక జాగ్రత్త. క్విక్ ఫార్మాట్ విషయసూచికను మాత్రమే చెరుపుతుంది. ఫొటోరెక్ వంటి పరికరంతో లోపలి చిత్రాలను తిరిగి పైకి తీయవచ్చు. పొరపాటున ఫార్మాట్ చేసినవారికి ఇది వరం. వారు కార్డు మీద కొత్తగా ఏదీ వ్రాయకుండా, తీసిన ఫైళ్ళను వేరే డిస్కులో దాచుకోవాలి. కాని ఇంటి ఆడవారి ఫొటోలున్న కార్డు పరాయి చేతికి చేరినప్పుడు ఇదే వరం శాపమవుతుంది. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ బదులు ‘క్లీన్ ఆల్’ అంటే ప్రతి చోటా సున్నాలు నింపుతుంది. గంటల సమయం పట్టినా ఆ పని ఇంటిలోనే చేసుకోండి.

సోదరి మరొక ప్రశ్న కూడా అడిగింది: అదే కార్డును ఇప్పుడు ఫోనులో మళ్ళీ ఎలా పెట్టాలి? నకళ్ళు రెండూ తెరిచి విని చూసుకొన్న తరువాత కార్డును చెరిపి, ఫోను అడిగినప్పుడు ఈసారి విడి స్టోరేజీగానే ఎంచుకొమ్మని చెప్పాము.