తవ్వుకోల పట్టిన అమ్మమ్మ
మానవ పరిణామం అనగానే ఈటె పట్టుకుని జంతువు వెంట పరుగెత్తే మగవాడి బొమ్మే మన కళ్లముందు మెదులుతుంది. 1966లో షికాగోలో జరిగిన పెద్ద మానవశాస్త్ర సదస్సు పేరే ‘మ్యాన్ ద హంటర్’. మరి అప్పుడు ఆడవాళ్లేం చేస్తున్నట్టు? 1970లలో ఈ ప్రశ్నను గట్టిగా అడిగింది శాలీ స్లోకమ్, నాన్సీ టానర్, ఏడ్రియెన్ జిల్మన్ వంటి మహిళా శాస్త్రవేత్తలే. తర్వాత క్రిస్టెన్ హాక్స్ బృందం టాంజానియాలో వేట, సేకరణలతో బతికే హాడ్జా జనం మధ్యకు వెళ్లి, ఎవరు ఎంత తిండి తెస్తున్నారో తూకం వేసి మరీ రాసుకుంది. వేటకెళ్లినవాళ్లు చాలా రోజులు ఉత్తచేతులతోనే తిరిగొచ్చేవారు. మొనదేలిన తవ్వుకోలతో గట్టినేలను పెళ్లగించి దుంపలు తెచ్చే ముసలమ్మలు మాత్రం రోజూ పిల్లల కడుపు నింపేవారు. తల్లి చంటిబిడ్డతో సతమతమవుతుంటే, పాలు మానిన పిల్లలు ఒళ్లు చేయడం అమ్మమ్మ పడే కష్టాన్ని బట్టే ఉండేది. కాన్పుల వయసు దాటాక కూడా స్త్రీ అన్నేళ్లు ఎందుకు బతుకుతుందన్న చిక్కుముడికి హాక్స్ ఈ అమ్మమ్మల కష్టంలోనే జవాబు వెతికారు. ఆ జవాబుపై వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి, నడవాలి కూడా. కానీ ఆడవాళ్లేం చేస్తున్నారన్న ఆ ప్రశ్న పుట్టకపోతే సగం మానవజాతి చరిత్ర మనకు దక్కేదే కాదు. అందుకే పరిశోధనలో స్త్రీలకు సమానంగా చోటు, నిధులు ఇవ్వాలని అడిగేది సైన్సు బాగు కోసమే. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఈటె పక్కన తవ్వుకోల బొమ్మ కూడా వేయాల్సిందే.