సైనికునికి రూపకల్పన విద్య

‘ఉపాయం లేనివాణ్ణి ఊళ్ళో ఉండనివ్వకూడదు’ అని సామెత. ఊరికే ఉపాయం అంత అవసరమైతే, దేశాన్ని కాపాడే సైన్యానికి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అయినా సైనికునికి ఏయే గుణాలు కావాలని అడిగితే దేహబలం, ధైర్యం, క్రమశిక్షణ అని మూడింటినే చెబుతాం. నాలుగోది కూడా ఒకటి ఉన్నదని, దాన్ని బడిలోనే నేర్పాలని నా అభిప్రాయం. అదే రూపకల్పన విద్య. దీన్నే డిజైన్ అంటున్నాం.

రూపకల్పన అంటే బొమ్మలు గీయడం, వస్తువులకు అందం తేవడం మాత్రమే కాదు. మన ఇళ్ళలోని చెంబును చూడండి. నీళ్ళు తొణకకుండా దాని మెడ సన్నగా ఉంటుంది. వేళ్ళకు పట్టు దొరికేలా అంచు బయటికి వంగి ఉంటుంది. దీన్ని ఏ ఒక్కరో ఒక్కరోజులో చేయలేదు. వాడేవారి ఇబ్బందులు తెలుసుకొని, చేసేవారు తరతరాలుగా దిద్దుతూ వచ్చారు. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఈ లోటానే గొప్ప రూపకల్పనకు ఉదాహరణగా చూపారు. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహమ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. వాడేవాని కష్టం తెలుసుకోవడం, పలు ఉపాయాలు ఆలోచించడం, నమూనా చేయడం, పరీక్షించి తప్పు దిద్దడం - ఇవే ఈ విద్యలోని మెట్లు.

ఈ మెట్లు సైన్యానికి కొత్తవి కావు. 1780 నాటి నుంచి ఉన్న మద్రాసు సాపర్ల దళం కేంద్రం బెంగుళూరులో ఉంది. వంతెనలు కట్టడం, దారులు వేయడం, అడ్డంకులు తొలగించడం వీరి పని. నేటికీ దక్షిణాది యువకులు, వారిలో తెలుగువారు కూడా, ఇందులో చేరుతున్నారు. 1912లో ఈ దళానికి చెందిన కెప్టెన్ మెక్‌క్లింటాక్ ఒక చిక్కును గమనించాడు. అడ్డంకిని పేల్చాలంటే సైనికుడు దాని దగ్గరికి పోవాలి, పోతే ప్రాణాపాయం. మనిషి పోకుండా మందుగుండును పంపడం ఎలా? సుమారు ఐదడుగుల గొట్టాలను ఒకదానికొకటి తగిలించి, మాటున ఉండే ముందుకు తోసి పేల్చే సాధనాన్ని ఆయన తయారుచేశాడు. అదే ‘బెంగుళూరు టార్పెడో’. ముళ్ళకంచెలను తెంచడానికి రెండు ప్రపంచ యుద్ధాలలోను దాన్ని వాడారు. ఆ గొట్టంలో గొప్ప యంత్రమేదీ లేదు. గొప్పతనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

‘సైన్యంలో ఆజ్ఞాపాలనే ప్రధానం. ప్రతివాడూ ఆలోచిస్తూ కూర్చుంటే యుద్ధం సాగుతుందా?’ అని కొందరు అడుగుతారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. తుపాకులు పేలేటప్పుడు చర్చకు తావు లేదు. అందుకే ఆలోచన ముందుగా జరగాలి. శిక్షణలో కొండలు, వాగులు, దారులు చూపే ఇసుక నమూనాను తయారుచేసి, దాని చుట్టూ చేరి చర్చిస్తారు. ఇసుకలో చేసిన తప్పును చేత్తో చెరిపి దిద్దుకోవచ్చు. యుద్ధభూమిలో చేసిన తప్పుకు మూల్యం ప్రాణం.

మన చెన్నైలోని పరంగిమలైలో 1963లో ప్రారంభమైన సైనికాధికారుల శిక్షణ సంస్థ ఉంది. 1992 నుంచి అక్కడ స్త్రీలకు కూడా శిక్షణ ఇస్తున్నారు. ఇలాంటి శిక్షణకు అభ్యర్థులను ఎంపిక చేసేటప్పుడు పలక, దుంగ, తాడు ఇచ్చి, బృందంగా అడ్డంకులు దాటమంటారు. బలం ఒక్కటే ఉన్నవాడు అక్కడ నెగ్గలేడు. తోటివారి మాట విని, ఉన్న వస్తువులతోనే దారి కనిపెట్టేవాడు రాణిస్తాడు. మరి ఇందుకు మన బడులలో అభ్యాసం ఏది? చేతిపనుల పీరియడు తరచు లెక్కల పీరియడుగా మారిపోతుంది. ఒకే సరైన జవాబు రాయడం నేర్పుతున్నాం గాని, చెడిపోయిన నమూనాను మళ్ళీ చేయడం నేర్పడం లేదు. పాఠ్యపుస్తకాలు రాసే మేము కూడా ఈ లోపానికి బాధ్యులమే.

ఈ విద్య యుద్ధానికే పరిమితం కాదు. హైదరాబాదులో అబ్దుల్ కలాం క్షిపణులపై పనిచేస్తున్న రోజుల్లో, నిమ్స్ వైద్యుడు ఒకరు అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చూశారు. కలాంను ఆసుపత్రికి తీసుకువెళ్ళి, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు పట్టీలతో కాళ్ళీడుస్తున్న పిల్లలను చూపారు. మూడు వారాల్లో 300 గ్రాముల పట్టీలు తయారయ్యాయి. పిల్లల బాధను కళ్ళారా చూడడమే ఈ పనికి మొదటి మెట్టు అయింది. షార్ట్ సర్వీస్ అధికారులు చాలామంది పది, పద్నాలుగేళ్ళకే సైన్యం విడిచి వస్తారు. అప్పుడు కూడా ఈ విద్య వారికి అక్కరకు వస్తుంది.

విద్యార్థులారా! దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మీ బడిలోని కుళాయి ఒకటో తరగతి పిల్లలకు అందుతున్నదా? వారినే అడగండి. ఎత్తు కొలవండి. ఒక పీటకు అట్టముక్కతో నమూనా చేసి చూడండి. సరిపోకపోతే మళ్ళీ చేయండి. ఇలా అలవాటుపడిన మీలో ఒకరు రేపు సైనికాధికారి కావచ్చు. అప్పుడు ఆజ్ఞ ఇచ్చే ముందు, తన జవాను వీపు మీది బరువు ఎంతో, అది ఎక్కడ ఒరుసుకొంటున్నదో అతణ్ణే అడిగి తెలుసుకొంటారు.