క్రొత్తవారికి తోటివారి బాసట

వైద్యవిద్య కళాశాలలో మొదలగునుగాని వార్డులోనే పండవలెను. ఏడాది శిక్షణమునందున్న హౌస్‌సర్జనుకును, తొలినెలల నర్సుకును నిజమైన గురువు పీఠముపై గూర్చున్న ఆచార్యుడు గాడు. రోగిమంచము ప్రక్కను తనతో నిలిచిన తోటియుద్యోగి. ఒక్కయేడు ముందు చేరిన వైద్యుడును, రాత్రిడ్యూటీలోని పెద్దనర్సును పలికెడి మాటయే క్రొత్తవారి ధైర్యమును నిలుపును, చెఱచును. ఈ సంగతి మన వైద్యశాలలందు తగినంత గుర్తింపబడుట లేదని మా యభిప్రాయము.

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదు. రోగి ప్రాణములకు సంబంధించినది. పొటాషియము క్లోరైడు మందును పలుచనచేయక నేరుగా రక్తనాళములోని కెక్కించినచో గుండె యాగిపోవచ్చును. ఈ మాట పుస్తకమున జదివినవారును నడిరేయి అలసటలో తడబడుదురు. అట్టివేళ "ఒకసారి చూచెదరా?" యని యడుగుటకు జంకు లేకుండవలెను. సందేహమడిగినవారిని పదుగురియెదుట గేలిచేసినచో మఱునాడు వారడుగరు. అడుగనివారి పొరపాటునకు వెల చెల్లించునది రోగియే.

శాసనములు లేకపోలేదు. రెసిడెంటు వైద్యులచే సామాన్యముగా 12 గంటలకు మించి యేకధాటిగా పనిచేయింపరాదని కేంద్రప్రభుత్వము 1992లోనే ఆదేశించినది. ర్యాగింగును నిషేధించుచు ఆంధ్రప్రదేశములో 1997లో చట్టము వెలసినది. అయినను 24 గంటలు, 36 గంటలు విడువక పనిచేయువారు నేటికిని గలరు. సుదీర్ఘమగు డ్యూటీనడుమ సెమినారుహాలులో విశ్రమించిన శిక్షణవైద్యురాలు 2024 ఆగష్టు 9వ తేదీన కలకత్తాలో హత్యగావింపబడుట దేశమెల్ల నెఱుగును. శాసనము రాత్రి రెండుగంటలకు వార్డులోనికి రాదు, తోటివారుందురు.

"మేమును ఇట్లే మాటలుపడి నేర్చితిమి" అని కొందఱు పెద్దలందురు. ఆ మాటలు నేర్పినది భయమును. వారికి వైద్యమును నేర్పినది చేయిపట్టి చూపినవారే కదా!

కావున మేము కోరునది స్వల్పము. క్రొత్తపనిని ముందు చేసి చూపుడు. పిమ్మట ప్రక్కనుండి చేయింపుడు. ఆపైననే యొంటరిగా విడువుడు. డ్యూటీ మారునపుడు ప్రతిరోగి సంగతియు నోటితో చెప్పి యప్పగింపుడు. తప్పును చాటున దిద్దుడు; మంచిని నలుగురిలో చెప్పుడు. వారు భోజనము చేసిరో లేదో, నిదురించు గదికి గడియ కలదో లేదో విచారింపుడు. రోగి బంధువులు ఆగ్రహించి మీదికి వచ్చినపుడు ముందు మీరు నిలువుడు. ప్రభుత్వపుటుత్తరువుకై గాని ధనమునకై గాని వేచియుండ నక్కఱలేని సంస్కరణ మిది. నేటి క్రొత్తవారే రేపటి పెద్దలు. తమ వెనుక వచ్చువారిని వారెట్లు చూడవలెనో నేడు మీరే నేర్పుచున్నారు.