సముద్రం అడుగు మట్టిలోనూ కెరీర్ ఉంది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో లైఫ్ సైన్సెస్ డిగ్రీ చేస్తున్న వాళ్లను తర్వాతేంటని అడగండి. బీఈడీ, గ్రూప్స్, లేదంటే ఏదో కోడింగ్ కోర్సు అంటారు. సముద్రం మాటే రాదు. మనకు సముద్రం ఎక్కడుంది అనుకుంటాం. కానీ హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ మన వాడపల్లి దగ్గరే కృష్ణలో కలుస్తుంది. పులిచింతల, ప్రకాశం బ్యారేజీ కొంత ఒండ్రును ఆపేశాక, మిగిలింది హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి పోతుంది.

అక్కడ సముద్రం అడుగు నేలలో పురుగులు, ఆల్చిప్పలు, చిన్న పీతలు ఉంటాయి. వీటినే బెంథోస్ అంటారు. ఇసుక నేలైతే ఒక గుంపు, బురదైతే ఇంకో గుంపు. వరదలకు ఉప్పదనం పడిపోతే తట్టుకోలేనివి పోతాయి. మురుగు పెరిగితే దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అప్పుడు చాలా రకాలు మాయమై, కాపిటెల్లా లాంటి ఒకటి రెండు పురుగులు మాత్రం విపరీతంగా పెరుగుతాయి. విశాఖ హార్బర్ కాలుష్యానికీ ఈ పురుగులకూ ఉన్న లింకుపై ఎ.వి.రామన్, పి.ఎన్.గణపతి 1983లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. నీటి శాంపిల్ ఆ రోజు సంగతి చెబుతుంది. చేపల్లా పారిపోలేని ఈ జీవులు నెలల తరబడి జరిగింది చెబుతాయి.

ఈ లెక్క ఎవరికి కావాలంటారా? 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పోర్టు కట్టాలంటే ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. అక్కడి జీవుల సర్వేను ఎవరో మొక్కుబడిగా కానిచ్చేస్తే, నష్టం మత్స్యకారులది. అందుకే పని తెలిసినవాళ్లు కావాలి.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం, కొచ్చిలో సీఎంఎల్ఆర్ఈ ఉన్నాయి. సముద్ర డేటా చూసే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. పర్మనెంట్ పోస్టులు తక్కువే, దాచడమెందుకు! మొదట్లో ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువ. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు రూ.37 వేలు.

మైక్రోస్కోప్ కింద జాతిని గుర్తుపట్టడం ఏళ్లు పట్టే విద్య. దానికి ‘ఆర్’ లాంగ్వేజ్, కాస్త స్టాటిస్టిక్స్ జోడించండి. నేను ఇంజినీరింగ్ వాణ్ని కాబట్టి చెబుతున్నా, కోడ్ నేర్చుకోవడం ఇందులో సులువైన భాగం. జాతుల్ని గుర్తుపట్టే కన్నే దొరకదు.

ఈ ఏడాది ప్రాజెక్టుకే మొదలుపెట్టొచ్చు. మీ జువాలజీ సార్‌నో మేడమ్‌నో ఒప్పించి, అర మిల్లీమీటరు జల్లెడతో వాడపల్లి వెళ్లండి. సంగమానికి ముందు మూసీ మట్టి ఒకటి, కృష్ణ మట్టి ఒకటి తీసుకుని జల్లించండి. దేంట్లో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టండి.