పెనుకొండ బాకీ ఎలా తగ్గింది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బెంగళూరు రైలెక్కే పిల్లలకు,

నేను బెంగళూరులో సీ ప్రోగ్రాములు రాసే కొలువు చేసి, రిటైరయ్యాక హిందూపురం చేరుకున్నవాణ్ణి. ప్రాజెక్టులు పట్టుకొని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక అలవాటు చూస్తున్నా. ప్రోగ్రాం తప్పు లెక్క చెప్పిందంటే చాలు, ఎక్కడో ఒక లైను మార్చి మళ్ళీ నడుపుతారు. కుదరకపోతే ఇంకో లైను. అదీ కుదరకపోతే కోడంతా ఏఐకి అతికించి దాన్ని అడుగుతారు. నడుస్తున్న ప్రోగ్రాంనే ఆపి అడగొచ్చు కదప్పా అంటే, జీడీబీ అనే డీబగ్గర్ పేరు విన్నామంటారు గానీ వాడిన దాఖలా ఉండదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన పనిముట్టు అది. ఈనాటికీ ఉచితం. నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి కాబట్టి పాతకాలం సరుకులా కనిపిస్తుంది, అంతే.

మన ఊళ్ళతోనే చెప్తా. దుకాణం బాకీల ఖాతా ఒకటి సీలో రాశామనుకోండి. ఒక్కో ఖాతాలో రెండే గళ్ళు. ఊరి పేరుకు 24 బైట్లు, దాన్ని ఆనుకొనే బాకీకి 4 బైట్ల ఇంటీజరు. ముందు బాకీ 650 అని వేస్తాం. తర్వాత ఊరి పేరును స్ట్రింగ్ కాపీతో దాని గడిలోకి దించుతాం. మూడు ఊళ్ళకూ అదే 650. తెర మీద చూపించమంటే ధర్మవరానికి 650 అనే వస్తుంది. హిందూపురానికి 85,64,960. పెనుకొండకు 512.

హిందూపురం అంకె చూసి ఎవరైనా నవ్వుతారు, తప్పు అక్కడే దొరికిపోతుంది. నాకు భయం పెనుకొండతోనే. 512 నమ్మబుద్ధయ్యే అంకె. కట్టేవాడు మాట్లాడకుండా కట్టేసి పోతాడు. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని అరిచి కూలిపోయే ప్రోగ్రాం దీనికన్నా వెయ్యి రెట్లు నయం.

ప్రింట్‌ఎఫ్‌లు పెట్టి పట్టుకోలేమా అంటారు. ప్రింట్‌ఎఫ్ అంటే నాకు చులకన లేదు, ఇప్పటికీ వాడతాను. అయితే అది మీకు అనుమానం ఉన్న చోటే మాట్లాడుతుంది. ఊరి పేరు రాసే లైను మీద బాకీ గురించి అనుమానం ఎవరికి వస్తుంది?

కంపైల్ చేసేటప్పుడు ‘మైనస్ జీ’ పెట్టండి. అది లేకపోతే లైను నంబర్లూ లోపలి వేరియబుల్ పేర్లూ జీడీబీకి అందవు, అడ్రసులే కనిపిస్తాయి. ఆప్టిమైజేషన్ కూడా వద్దు. అది ఉంటే కొన్ని వేరియబుళ్ళను అడిగినప్పుడు ‘ఆప్టిమైజ్డ్ ఔట్’ అని తప్పించుకుంటుంది. జీడీబీలో తెరిచి, బ్రేక్ మెయిన్ అని, రన్ అనండి. పెనుకొండ ఖాతాలో 650 పడేదాకా నెక్స్ట్ కొడుతూ పోండి. పడగానే వాచ్ అని ఆ బాకీ పేరు ఇచ్చి, కంటిన్యూ. ఇక మీరు చేసేదేమీ లేదు. ప్రోగ్రాం తనంతట తానే ఆగి చెబుతుంది: పాత విలువ 650, కొత్త విలువ 512.

ఇంటెల్ ప్రాసెసర్లలో ఇందుకోసమే నాలుగు అడ్రసులు పెట్టుకునే రిజిస్టర్లు ఉన్నాయి. కాపలా కాసేది ప్రాసెసరే. అందుకే ప్రోగ్రాం మామూలు వేగంతోనే నడుస్తుంది.

ఆగిన చోటు చూస్తే స్ట్రింగ్ కాపీ లోపల, లైబ్రరీలో ఉంటుంది. లైబ్రరీని తిట్టకండి. బీటీ కొట్టండి, అంటే బ్యాక్‌ట్రేస్. ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిస్తే ఇక్కడిదాకా వచ్చామో వరుసగా చూపిస్తుంది. లైబ్రరీ కిందే మీ ఫంక్షన్ ఉంటుంది. ‘అప్’ కొడితే ఊరి పేరు కాపీ చేసిన మీ లైను కళ్ళముందుకొస్తుంది. ఇప్పుడు కూడా ఊహించొద్దు. ‘ఎక్స్’ కమాండుతో ఆ ఖాతాలోని 28 బైట్లూ చూపించమనండి.

యూటీఎఫ్-8లో తెలుగు హల్లుకు మూడు బైట్లు, గుణింతం గుర్తుకు మరో మూడు, పొల్లుకు మూడు, అనుస్వారానికి మూడు. ధర్మవరం 21 బైట్లు, స్ట్రింగ్ చివర సీ పెట్టే ముగింపు జీరోతో 22. ఇమిడింది. పెనుకొండ సరిగ్గా 24. ముగింపు జీరో గడి దాటి బాకీ మొదటి బైటు మీద పడింది. 650 అంటే 512కు 138 కలిపితే వచ్చేది. ఆ 138 ఉన్నది మొదటి బైటులోనే, అదే చెరిగిపోయింది. హిందూపురం 27 బైట్లు. చివరి అనుస్వారం మొత్తం బాకీలోకి దిగిపోయి 85 లక్షలైంది.

ఇది ల్యాబు లెక్కే అనుకునేరు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను కూల్చింది. మామూలు జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ ఉన్నది. అది మెసేజ్‌లో వస్తే యాప్ కూలేది, నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే కూలేది. అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్‌లో మెమరీ పాడవుతోంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సరిచేసింది. జనం తెలుగు లిపినే ఆడిపోసుకున్నారు గానీ, బెంగాలీలో, దేవనాగరిలో కూడా అలా కూల్చే వరుసలు ఉన్నాయి. రెండు జ్ఞాలూ తెర మీద చూసేవాడికి పెద్ద తేడా అనిపించవు. బైట్లు చూసేవాడికి ఒకటి పన్నెండు, ఇంకొకటి పదిహేను.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఈ కాలం ఏ కంపెనీ కారులోనైనా ఇంజనుకూ బ్రేకులకూ చిన్న కంప్యూటర్లుంటాయి. అలాంటి బోర్డుకు తెర ఉండదు, ప్రింట్‌ఎఫ్ రాస్తే ఎక్కడ కనిపిస్తుంది? జేట్యాగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి ఇదే జీడీబీతో లోపల చూడొచ్చు. అక్కడా బ్రేకే, అక్కడా బీటీనే.

బాకీ తప్పును సరిచేసేటప్పుడు తొందరపడొద్దు. ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో 24 దగ్గర కత్తిరిస్తే బాకీ బతుకుతుంది గానీ పెనుకొండలో ‘డ’ మూడో బైటు పోయి, దాని చోట ప్రశ్నార్థకమో డబ్బానో వస్తుంది. గడి పెంచాలి, లేదా అక్షరం హద్దు చూసి కత్తిరించాలి.

సరిచేయకముందు ఒక పని చేయండి. రెండు ఖాతాలు పక్కపక్కన అరేలో పెట్టి, రెండోదాన్ని ముందుగా ధర్మవరంతో నింపండి. తర్వాత మొదటిదాంట్లో మన జిల్లా కేంద్రం పుట్టపర్తిని కాపీ చేయండి. పుట్టపర్తి బాకీ మైనస్ అవుతుంది, దుకాణమే ఎదురు బాకీ పడినట్టు. పక్క ఖాతాలో ధర్మవరం పేరు మాయమవుతుంది, దాని 650 మాత్రం చెక్కుచెదరదు. వాచ్ దేని మీద పెట్టాలో, ఎన్ని బైట్లు పక్కకు పోయాయో మీరే తేల్చి, ఆ బీటీ ప్రింటు తీసుకొని రండి.

ఇట్లు,
హిందూపురం నుంచి ఒక రిటైర్డ్ ప్రోగ్రామరు