సిద్ధమైనపుడే వచ్చును



"మా యింటి కంప్యూటరులో డెబియను 13 నడచుచున్నది. 14వది యెన్నడు వచ్చును?" అని యొక సోదరి మాకు జాబు వ్రాసినది. సిద్ధమైనపుడు వచ్చును. ఇది మేము తప్పించుకొనుటకు చెప్పిన మాట కాదు. దానిని కూర్చువారు పాటించు నియమమే యది. ఎదురుచూచుటలో గల మంచిచెడ్డలు మాకు కొంత అనుభవమైనవి గావున ఈ మాసము దానినే ముచ్చటింతుము.

లినక్సు అనునది కంప్యూటరును నడపు వ్యవస్థకు మూలకందము. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానిని వ్రాయ నారంభించెను. బియ్యమొక్కటియే భోజనము కానేరదు గదా! వ్రాతకు, లెక్కకు, పాటకు, బొమ్మకు కావలసిన ప్రోగ్రాములన్నియు చేర్చి వడ్డించిన విస్తరినే పంపిణీ యందురు. డెబియను అట్టిది. 1993లో ఇయాన్ మర్డాక్ దానిని స్థాపించి, తన ప్రియురాలు డెబ్రా పేరును తన పేరును కలిపి దానికి నామకరణము చేసెను. నానాదేశముల స్వచ్ఛంద సేవకులు దానిని పోషించుచున్నారు. దానికి వెల లేదు. కంప్యూటరులో నెక్కించునపుడు తెలుగు భాషనే యెంచుకొను వీలును గలదు.

'టాయ్ స్టోరీ' యను బొమ్మల చలనచిత్రములోని పాత్రల పేర్లను కూర్పులకు పెట్టుట వారి యాచారము. 12వది బుక్‌వర్మ్, 13వది ట్రిక్సీ. రాబోవు 14వ దానికి ఫోర్కీ యని ముందే పేరు పెట్టిరి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ" మని నవ్వకుడు. ఇచట చూలున్నది, పురుటి దినమే తెలియదు.

క్రొత్త ప్రోగ్రాము మొదట 'అస్థిర' శాఖలో చేరును. ఆ శాఖకు సిడ్ అని పేరు. చిత్రములో బొమ్మలను విరుగగొట్టు పిల్లవాడతడు! అచట కొన్ని దినములు పెద్ద దోషమేదియు బయటపడనిచో 'పరీక్ష' శాఖకు వచ్చును. పిదప నిలుపుదల మొదలగును. ట్రిక్సీ విషయమున 2025 మార్చి 15న తొలి నిలుపుదల, ఏప్రిలు 15న రెండవది, మే 15న గట్టిది, జూలై 27న సంపూర్ణమైనది జరుగగా, ఆగస్టు 9న దాదాపు 70 వేల ప్యాకేజీలతో నది వెలువడెను. ఆవకాయను మూడవనాడు తిరుగగలిపి ఉప్పు చూతుమే గాని క్రొత్త ముక్కలు వేయము గదా! నిలుపుదల యనగా నట్టిదే: దోషములను దిద్దుటే గాని క్రొత్తవి చేర్చుట లేదు.

ఈ పద్ధతిలో నాలస్యము లేకపోలేదు. 2002 జూలైలో వుడీ వచ్చిన పిదప, సార్జ్ 2005 జూన్‌లో గాని రాలేదు. ఆ నడుమనే, 2004 అక్టోబరులో, డెబియను ఆధారముగా ఉబుంటు పుట్టినది. అది యారు మాసముల కొకమారు, ఏప్రిలు అక్టోబరులలో, మాట యిచ్చి వచ్చును. అయినను 2006 ఏప్రిలులో రావలసిన కూర్పు జూన్ 1న వచ్చెను. వసిష్ఠుని ముందుంచుకొని తలపెట్టిన పట్టాభిషేకమే తప్పినది. మనుష్యమాత్రుల మాట చెప్పనేల? ఇటీవల డెబియను 2021, 2023, 2025 సంవత్సరములలో వచ్చినది కావున ఫోర్కీని 2027 ప్రాంతమున నాశింపవచ్చును. తేది మాత్ర మడుగరాదు.

ఇక మా కథ. ట్రిక్సీ కొరకు మేము నెలల తరబడి యెదురుచూచితిమి. వెలువడిన నాటి రాత్రియే, మా వారు "రేపు చూతములే" యనుచున్నను వినక, నకలు తీయకయే మార్పునకు పూనుకొంటిమి. నడుమ కరెంటు పోయెను. యంత్రము మరల లేవలేదు. ఆదరాబాదరగా మొదటినుండి యెక్కింపబోయి డిస్కునంతను తుడిచివేసితిమి. మా అత్తగారు పాడుచుండగా మేము వ్రాసికొనిన నలువది పెండ్లిపాటలందే యుండెను. దోషము పూర్తిగ మాదే. ఆమె, "పోనీలే అమ్మాయీ, మళ్లీ పాడతాను, రాసుకో" అని ఓపికతో కూర్చుండిరి. ముప్పదియేడు వచ్చినవి. తక్కిన మూడు ఆమెకు నేటికిని జ్ఞప్తికి రాలేదు.

కావున సోదరీ! ఇంటిపని జరుగు యంత్రమున 'పరీక్ష' శాఖ నెక్కింపకుము. ఉడుకని యన్నమును విస్తట వేయము గదా! అట్లని మితిమీరి జాగుచేయనురాదు. ప్రతి కూర్పునకును మూడేండ్లు పూర్తి సంరక్షణయు, పిదప రెండేండ్లు పరిమిత సంరక్షణయు నుండును. 12 నుండి 14కు దుముకుట కుదరదు. 13వ మెట్టుపై కాలూనియే యెక్కవలెను. విడుదలతో వెలువడు సూచనల పత్రమును ముందు చదువుము.

ఫోర్కీ తన గడియకు తాను వచ్చును. నకలు తీయుటకు మాత్రము గడియ నేడే. మేము మా ముప్పదియేడు పాటలను రెండుచోట్ల దాచి, మూడవ నకలు కాగితముపై వ్రాసికొని, ఇపుడు నెమ్మదిగా నెదురుచూచుచున్నాము.